మృతుల మాటయు, జీవించియున్నవారి ధర్మమును



గతించిన ప్రియజనులతో మరల నొకమాఱు మాటలాడవలెనను కోరిక మనుష్యహృదయమునకు సహజము. దానిని పరిహసించుట మా యుద్దేశము కాదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల పల్లెలయందు బిడ్డను గోల్పోయిన తల్లి సోదె చెప్పునామెను ఆశ్రయించుట గలదు. ఆమెకు పూనకము రాగా, తన బిడ్డయే పలుకుచున్నాడని తల్లి కన్నీరు విడుచును. పాశ్చాత్య దేశములలో విద్యావంతులు బల్లచుట్టును గూర్చుండి మృతులను పిలిచినదియు నీ కోరికవలననే.

అట్టి గోష్ఠులను పరిశీలించి వానికొక సిద్ధాంతరూపము నిచ్చినవాడు ఫ్రాన్సు దేశపు టుపాధ్యాయుడైన రివేలు. ఈయన 1804వ సంవత్సరమున లియోను నగరమందు జన్మించి, అలన్ కార్డెక్ అను పేరుతో 1857లో ఆత్మలనుగూర్చిన గ్రంథమును ప్రకటించెను. ఈశ్వరుడొక్కడే, ఆత్మకు నాశము లేదు, అది పలుజన్మము లెత్తి జ్ఞానమును శీలమును వృద్ధిచేసికొనును, మృతుల యాత్మలు మీడియమనబడు మధ్యవర్తి మూలమున మనతో సంభాషింపగలవు, పరోపకారమే తరించు మార్గము. స్పిరిటిజము యొక్క ముఖ్యసూత్రము లివియే.

వీనిలో పునర్జన్మము మనకు క్రొత్తది గాదు. మనము నేర్చుకొనదగినవి కార్డెక్ విధించిన రెండు నియమములు. చనిపోయినంతమాత్రమున నెవడును జ్ఞాని కాడు గనుక, ఆత్మ పలికినదను ప్రతిమాటను వివేకముతో పరీక్షింపవలెను. మీడియము తన పనికి ధనము పుచ్చుకొనరాదు. ఈ జాగరూకత యేల యందురా? 1848లో అమెరికాయందు ఫాక్సు సోదరీమణుల యింట వినవచ్చిన చప్పుళ్లు మృతులవని లోకము నమ్మెను. అవి తమ కాలివ్రేళ్ల కీళ్లతో చేసినవని 1888లో వారిలో నొకతె బహిరంగసభలో నొప్పుకొనెను. మఱుసటి యేడు ఆ మాటనే కాదనెను. ఏ మాటను నమ్మవలెను?

న్యాయవాదులమైన మేము ఎదురుప్రశ్నలకు నిలువని సాక్ష్యమును నమ్మము. మృతుని పేర పలుకు నోటిని ప్రశ్నించువా రెవరు? "ఫలానా ముసలిది బాణామతి చేసినది" అని పూనకములో నొక్కమాట వెలువడెనా, ఆ నిరపరాధురాలి బ్రదుకు బుగ్గియగును. ఒక తల్లి దుఃఖమున కోదార్పు వెదకబోయి మఱియొక తల్లి కొంప గూల్చుట ధర్మమా?

కావున సోదరులారా, మృతులు మాటలాడుదురా లేదా యను వివాదమును పండితులకు విడువుడు. జీవించియున్నవారిపై నేరము మోపు మాట యే లోకమునుండి వచ్చినను త్రోసిపుచ్చుడు. రూక లడుగు నోటిని నమ్మకుడు. పల్లెలో నెవరిమీదనైన నట్టి నింద పడినప్పుడు, చదువుకొన్న మీరు వారి వాకిట నిలిచి రక్షింపుడు. బిడ్డను గోల్పోయిన తల్లి చెంత మీరే కూర్చుండి యామె మాటలు వినుడు. అప్పు డామెకు సోదెతో పని యుండదు. పోయినవారిని పరమేశ్వరుని కరుణ కప్పగించి, ఉన్నవారికి సేవ చేయుదము గాక!