పొయ్యికీ పెరటికీ మధ్య ఋణం

ఆహారం కోసం ప్రాణం తీయడం తప్పా అన్న ప్రశ్న వచ్చినప్పుడు వాదం సాధారణంగా మాంసం దగ్గర మొదలై మాంసం దగ్గరే ముగుస్తుంది. శాకాహారి ఆ వాదంలో తీర్పరిగా కూర్చుంటాడే తప్ప బోనులో నిలబడడు. భారతీయ ధర్మశాస్త్రాలు గానీ, జైన, బౌద్ధ శ్రమణ గ్రంథాలు గానీ అతనికి ఆ వెసులుబాటు ఇవ్వలేదు. ఆకు తుంచినా, గింజ దంచినా, నేల తవ్వినా హింస ఉన్నదని అవి ముందుగా ఒప్పుకొని, ఆ తరువాతనే మనిషి ఎలా బతకాలన్న విచారణకు దిగాయి. ఈ విచారణకు సంవత్సరంలో అన్నిటికన్నా తగిన కాలం శిశిరం వెళ్లి వసంతం వచ్చే సంధి, అంటే మాఘ ఫాల్గుణాలు గడిచి చైత్రం ప్రవేశించే రోజులు. మిగిలిన కాలాల్లో వంటింటికి చేరేది చాలావరకు పండిన గింజ, ఎదిగిన కాయ. ఈ సంధికాలంలో తెలుగింటి పెరటి నుంచి పొయ్యి మీదికి వచ్చేవి వేపపూత, మామిడి పిందె, చింతచిగురు, అంటే చెట్టు ఇంకా తన పని ముగించని దశలోనే మనిషి చేయి పడే భాగాలు. కనుక గృహస్థుని వంటలో దోషం ఉన్నదా, ఉంటే దానికి పరిహారమేమిటి అన్న ప్రశ్న ఇక్కడే పదునెక్కుతుంది.

మనుస్మృతి మూడవ అధ్యాయం ప్రతి గృహస్థుని ఇంట్లోనూ ఐదు సూనలు ఉన్నాయంటుంది; సూన అంటే ప్రాణులను వధించే చోటు. పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలూ రోకలీ, నీళ్ల కుండ అనే ఈ ఐదింటిని వాడుకునే క్రమంలో చీమలూ పురుగులూ సూక్ష్మప్రాణులూ చనిపోతాయి గనుక ఆ దోషం రోజూ ఇంటి యజమానికి అంటుతూనే ఉంటుందని దాని భావం. ఈ జాబితాలో కత్తి లేకపోవడం గమనించదగినది. చంపాలన్న తలంపుతో ఎత్తిన ఆయుధాన్ని శాస్త్రం ఇక్కడ లెక్కలోకి తీసుకోలేదు. ఊడ్చడం, నూరడం, దంచడం, నీళ్లు తేవడం, నిప్పు రాజేయడం వంటి నిర్దోషమైన పనులనే తీసుకొని, బతకడంలోనే హింస కలిసి ఉన్నదని చెప్పింది. ఉద్దేశం లేదు కాబట్టి బాధ్యత లేదనే వాదానికి ఆ విధంగా మొదటే దారి మూసింది.

చెట్టుకు ప్రాణం లేదనుకుంటే కూరగాయల వంటలో సమస్య పురుగుల వరకే పరిమితమయ్యేది, కానీ అదే స్మృతి మొదటి అధ్యాయం వృక్షాలకు లోపల చైతన్యం ఉన్నదనీ, అవి సుఖదుఃఖాలు ఎరుగుననీ చెబుతుంది. మహాభారతం శాంతిపర్వంలో భృగువు భరద్వాజునికి ఇదే సంగతిని వాదంగా నిరూపించబోతాడు: వేడికి ఆకు వాడుతుంది కనుక చెట్టుకు స్పర్శ ఉన్నదనీ, పిడుగుధ్వనికి పూలూ పండ్లూ రాలుతాయి కనుక వినికిడి ఉన్నదనీ, తీగ దారి వెతుక్కుంటూ చుట్టుకుంటుంది కనుక చూపు ఉన్నదనీ అంటాడు. ఈ హేతువులు నేటి వృక్షశాస్త్రం ముందు నిలుస్తాయా లేదా అన్నది వేరే మాట. చెట్టును అనుభవించే జీవిగా భావించినవారే దాన్ని వండుకు తినమని కూడా చెప్పారన్నది ఇక్కడ అసలు చిక్కు. అదే పర్వంలో వర్తకుడు తులాధారుడు నాగలి భూమినీ, భూమిలోని జీవులనూ గాయపరుస్తుందని జాజలి మహర్షికి గుర్తుచేస్తాడు. అరణ్యపర్వంలో మిథిలా నగరపు ధర్మవ్యాధుడు, తన మాంసం దుకాణాన్ని చూసి విస్తుపోయిన కౌశికుడనే బ్రాహ్మణునికి, వ్యవసాయంలోనూ హింస ఉన్నదనీ, ధాన్యపు గింజలు కూడా జీవులేననీ చెప్పి, లోకంలో అహింసకుడని పూర్తిగా అనిపించుకోగలవాడు ఎవడూ లేడని తేలుస్తాడు.

ఈ చిక్కుకు శ్రమణ సంప్రదాయాలు, అంటే యజ్ఞమార్గాన్ని విడిచి సన్యాసాన్నీ అహింసనూ ప్రధానంగా పెట్టుకున్న జైన, బౌద్ధ మార్గాలు, ఇచ్చిన సమాధానం తగ్గించుకోవడం. జైనం చెట్టూచేమలను స్పర్శ అనే ఒకే ఇంద్రియం గల జీవులుగా లెక్కించి, ఒకే దేహంలో అనంతమైన జీవులు ఉంటాయని తలచే దుంపలను విసర్జించమన్నది. బౌద్ధ వినయం, అంటే భిక్షువుల నియమావళి, నేల తవ్వడాన్నీ మొక్కకు హాని చేయడాన్నీ ఒప్పుకొని శుద్ధి పొందవలసిన తప్పులుగా విధించింది. మొలకెత్తగల గింజ ఉన్న పండును భిక్షువు తినాలంటే గృహస్థుడెవరైనా దానికి నిప్పు తగిలించో, కత్తితో గాటు పెట్టో, గోటితో గిచ్చో ఇవ్వాలని కూడా చెప్పింది. ఈ నియమాల్లోని సున్నితత్వం కాదనలేనిది, అయితే దాని హద్దు కూడా అక్కడే కనిపిస్తుంది. భిక్షువు తవ్వని నేలను ఇంకెవరో తవ్వాలి, అతను గిచ్చని పండును ఇంకెవరో గిచ్చాలి. అంటే హింస భిక్షాపాత్ర దాటి వెనక్కు వెళ్లి, వండిపెట్టే గృహస్థుని పొయ్యి దగ్గర ఆగుతుంది. త్యాగం ఎంత నిజమైనదైనా, సమాజంలో ఒకరు పెరడు తవ్వి పొయ్యి వెలిగించనిదే అది కడుపు నింపుకోలేదు.

గృహస్థధర్మం ఇచ్చిన సమాధానం తిరిగి ఇవ్వడం. పంచసూనల దోషం పోవడానికి మనుస్మృతి పంచ మహాయజ్ఞాలను విధించింది: వేదం చదివి చదివించే బ్రహ్మయజ్ఞం, తర్పణంతో చేసే పితృయజ్ఞం, హోమరూపమైన దేవయజ్ఞం, సకల ప్రాణులకూ అన్నం పెట్టే భూతయజ్ఞం, అతిథిని ఆదరించే మనుష్యయజ్ఞం. తనకోసమే వండుకునేవాడు పాపాన్నే తింటున్నాడని భగవద్గీత మూడవ అధ్యాయం హెచ్చరించేదీ ఈ అర్థంలోనే. ముంగిట్లో బియ్యప్పిండితో వేసే ముగ్గు చీమలకు ఆహారమని పెద్దలు చెప్పడంలోనూ, తాము తినేముందు కాకికి ముద్ద పెట్టడంలోనూ భూతయజ్ఞపు ఛాయ నేటికీ నిలిచి ఉంది. ఈ సమాధానంలోనూ ఒక లొసుగు లేకపోలేదు. రోజూ ముద్ద పెట్టి బాకీ తీర్చేస్తున్నామన్న నమ్మకం, ఎంతైనా తీసుకోవచ్చునన్న ధీమాగా మారడానికి ఎక్కువ కాలం పట్టదు. ప్రాయశ్చిత్తం సులభమైన చోట కోత పెరుగుతుంది. కాబట్టి ఎంత తిరిగి ఇచ్చాడన్నదానితో పాటు ఎంత తీశాడు, ఎలా తీశాడు అన్న లెక్క కూడా కావాలి.

ఆ లెక్కకు ఆధారం మహాభారతం ఉద్యోగపర్వంలోని విదురనీతిలో దొరుకుతుంది. రాజు ప్రజల నుంచి ధనం తీసుకునే పద్ధతిని వివరిస్తూ విదురుడు, తోటలో మాలాకారుడు పూలు కోసుకున్నట్టు తీసుకోవాలే గానీ బొగ్గులు కాల్చేవాడిలా వేరు నరకరాదంటాడు. పక్వం కాని కాయను కోసినవాడికి రసమూ దక్కదు, విత్తనమూ నశిస్తుందని కూడా అంటాడు. రెండవ మాటను తెలుగింటి ఉగాదికి అన్వయిస్తే ఇబ్బంది వెంటనే తెలుస్తుంది. కొత్త చింతపండు, కొత్త బెల్లం, ఉప్పు, కారం సరే, పచ్చడికి ప్రాణమైన తక్కిన రెండూ పక్వం కానివే: ఒకటి కాయ కావలసిన పూత, మరొకటి పండు కావలసిన పిందె. సంవత్సరపు మొదటి నైవేద్యమే విదురుడు కూడదన్న కోతతో మొదలవుతున్నదా అన్న సందేహం కొట్టివేయదగినది కాదు.

దీనికి జవాబు కొంతవరకు చెట్టే ఇస్తుంది. మామిడి పూగుత్తిలో పూలు వందల్లో, ఒక్కొక్కప్పుడు వేలల్లో ఉంటాయి. వాటిలో అధికభాగం మగపూలు, పిందె కట్టినవాటిలోనూ ఎక్కువ రాలిపోగా, పంట దాకా నిలిచేవి మొత్తం పూలలో నూటికి ఒకటి కూడా ఉండవు. వేప కూడా మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాల్చి, కొత్త చిగురు తొడిగి, నిలుపుకోగలిగిన కాయలకన్నా ఎన్నో రెట్లు పూస్తుంది. పెరట్లో వేపచెట్టున్న ఇళ్లలో పూత సేకరించే పద్ధతి ఈ సమృద్ధిని ఎరిగినది: చెట్టు కింద కళ్లాపి చల్లి ఊడ్చిన నేల మీద పాత చీర పరిచి ఉంచితే తెల్లవారేసరికి గాలికి రాలిన పూత దాని మీద పలచగా పరుచుకుంటుంది, దాన్ని చేటలో పోసి పుల్లలూ ఈనెలూ ఏరి, నీడన ఆరబెట్టి, సీసాకెత్తి, ఉగాది పచ్చడికి పోగా మిగిలినదాన్ని నేతిలో వేయించి చారులోనో వేడి అన్నంలోనో ఏడాది పొడవునా కలుపుకుంటారు. అదే పూత కోసం పండుగ ముందురోజు కొమ్మలకు కొమ్మలే విరిచి బజారులో కట్టలుగా అమ్మడమూ ఉంది. పచ్చడిలో పడ్డాక రెండింటి చేదూ ఒక్కటే, కానీ మొదటిది చెట్టు వదిలినదాన్ని తీసుకోవడం, రెండవది చెట్టు వదలనిదాన్ని లాక్కోవడం.

ఈ తారతమ్యాన్ని జైనులు లేశ్యల సిద్ధాంతంలో మరింత నిశితంగా చెప్పారు. లేశ్య అంటే మనసులోని భావం వల్ల ఆత్మకు పట్టే రంగు. నల్లని కృష్ణలేశ్య నుంచి తెల్లని శుక్లలేశ్య వరకు అవి ఆరు. వాటిని వివరించే దృష్టాంతంలో ఆకలిగొన్న ఆరుగురు కాయలున్న చెట్టును చూస్తారు. ఒకడు దాన్ని మొదలంటా నరుకుదామంటాడు, తక్కినవారు వరుసగా పెద్దకొమ్మ, చిన్నకొమ్మ, గుత్తి, పండు అని కోరిక తగ్గించుకుంటూ వస్తారు, చివరివాడు నేలరాలిన పండ్లు చాలునంటాడు. ఆరుగురి ఆకలీ ఒక్కటే, తినబోయే పండూ ఒక్కటే. తేడా అంతా ఆకలి తీరడానికి ఎంత అవసరమో గుర్తించడంలో ఉంది. వంటలోని హింసను సున్నా చేయలేమని ధర్మవ్యాధుడు చెప్పిన తరువాత, అన్ని హింసలూ సమానం కావని చెప్పే ఈ కథ అవసరమవుతుంది. తోటకూరను వేరుతో పీకకుండా తల గిల్లితే పక్క నుంచి కొత్త కొమ్మలు వేస్తుంది. చిక్కుడు పాదు ముగిసే వేళ కొన్ని కాయలను పాదు మీదే ఎండనిచ్చి విత్తనానికి దాచుకుంటారు. చీకటి పడ్డాక చెట్లు నిద్రపోతాయని ఆకు తెంపరు. ఇవి పెరటి అలవాట్లుగా కనిపించే లేశ్యాభేదాలే.

ఋతువు కూడా ఈ మితానికి తోడు నిలుస్తుంది. శిశిరంలో పేరుకున్న కఫం వసంతపు ఎండకు కరిగి జఠరాగ్నిని మందగింపజేస్తుందనీ, గనుక ఆ రోజుల్లో బరువైనవీ తీపీ పులుపూ తగ్గించమనీ వాగ్భటుని అష్టాంగహృదయం ఋతుచర్యలో చెబుతుంది. రథసప్తమి నాడు తులసికోట ఎదుట పిడకల మీద పాలు పొంగించి వండిన పరమాన్నాన్ని చిక్కుడాకుల్లో నివేదించిన ఇల్లే, రెండు నెలలు తిరగకుండా వేపపూత రుచికి మళ్లుతుంది. ఏడాదిలో కొత్త బియ్యపు సమృద్ధి తరువాత చేదు వస్తుందన్న ఈ క్రమం, తినడానికి ఒక హద్దు ఉన్నదని నాలుకకు నేర్పుతుంది.

ఈ సిద్ధాంతాలన్నిటిలోనూ ఒక అన్యాయం దాగి ఉన్నదని కూడా చెప్పుకోవాలి. పంచసూనల దోషాన్నీ, దాన్ని పోగొట్టే యజ్ఞాల పుణ్యాన్నీ శాస్త్రం గృహస్థుని పేర రాసింది, కానీ రోకలి పట్టినదీ, నీళ్లు మోసినదీ, పెరట్లో పాదు తీసినదీ చాలావరకు ఇంటి ఆడవారూ పనివారూ. ఏ కొమ్మ గిల్లితే చిగురిస్తుందో, ఏ కాయ విత్తనానికి ఉంచాలో తెలిసినదీ వారికే. కౌశికుణ్ణి ధర్మవ్యాధుని దగ్గరకు పంపినది ఇంటిపనిలో తలమునకలై ఉన్న ఒక గృహిణి అని మహాభారతమే చెబుతున్నది. వంటింటి ధర్మానికి ఆమెను కేవలం పనిముట్టుగా చూసినచోట ఆ ధర్మం సగమే అర్థమైనట్టు.

పెరడే లేని అపార్టుమెంటు వాసికి ఈ విచారణతో పనిలేదనిపించవచ్చు. అయితే మనుస్మృతి ఐదవ అధ్యాయం మాంసం విషయంలో చంపినవాడితో పాటు అనుమతించినవాడినీ, కోసినవాడినీ, కొన్నవాడినీ, అమ్మినవాడినీ, వండినవాడినీ, వడ్డించినవాడినీ, తిన్నవాడినీ ఒకే వరుసలో నిలబెట్టింది. చెట్టుకూ చైతన్యం ఉన్నదని ఒప్పుకొన్న స్మృతి తర్కం ప్రకారం ఆ వరుస కూరగాయల సంచి పట్టుకున్నవాడి దాకా సాగాలి. పురుగుమందు చల్లినది ఇంకొకరి పొలంలో గనుక తన వంటింట్లో సూన లేదనడం చెల్లదు. పెరడు చేసే మేలు దోషాన్ని లేకుండా చేయడం కాదు, దాన్ని కంటి ఎదుట ఉంచడం. ఎంత తీసుకున్నదీ, చెట్టుకు ఎంత వదిలినదీ, కడుగునీళ్ల రూపంలోనో తొక్కల ఎరువు రూపంలోనో పాదుకు ఎంత తిరిగి చేరినదీ అక్కడ రోజూ తెలుస్తుంది. అన్నాన్ని నిందించవద్దనీ, సమృద్ధిగా పండించమనీ, ఇంటికి వచ్చినవాణ్ణి కాదనవద్దనీ వ్రతాలుగా విధించిన తైత్తిరీయోపనిషత్తు, చివరకు తినేవాడు తానే అన్నం కూడానని ప్రకటింపజేస్తుంది. ఆ మాటను ఒప్పుకున్నవాడు చెట్టుతో తన సంబంధాన్ని హక్కుగా చెప్పుకోలేడు, నేరంగా భావించి కుంగిపోనక్కరలేదు. తీసుకునేటప్పుడు మితమూ, తీసుకున్న తరువాత చెల్లింపూ కలిసి ఉన్నంతవరకే తన వంట ధర్మబద్ధమని తెలుసుకుంటాడు, వాటిలో ఏ ఒక్కటి తప్పినా రెండవది దాన్ని పూడ్చలేదనీ గ్రహిస్తాడు.