యంత్రనేత్రము – ప్రత్యక్షప్రమాణము

శోభకృన్నామ సంవత్సర నిజ శ్రావణ శుద్ధ సప్తమి నాడు, అనగా 2023 ఆగస్టు 23వ తేదీ సాయంకాలము 6 గంటల 4 నిమిషములకు, చంద్రుని దక్షిణధ్రువ ప్రాంతమున మాంజినస్, సింపెలియస్ అను బిలముల నడిమి చిన్న మైదానముపై మన దేశపు నౌక విక్రమ్ దిగినప్పుడు, రాయపూరు శంకర్ నగరులో మేడయెక్కి తలయెత్తిన వారికి, వానమబ్బు అడ్డురాని యెడల, అర్ధచంద్రబింబము కనబడవలసినదే గాని ఆ మైదానము కనబడుటకు వీలులేదు. అయినను చూచితిమనియే మనమందరము సంతోషించితిమి. యంత్రము చూచినది మనకు ప్రత్యక్షమగునా? ఇది పండితుల వినోదమునకై పుట్టిన ప్రశ్న గాదు. కంటికానని దానిని నమ్ముట యెట్లన్నది మతమునకు మూలమైన ప్రశ్నయే.

న్యాయశాస్త్రగ్రంథమగు తర్కసంగ్రహమునకు కర్తయు, ఆంధ్రుడునైన అన్నంభట్టు ఇంద్రియమునకు విషయముతో సంబంధము కలిగినందున పుట్టిన జ్ఞానమునే ప్రత్యక్షమనెను. కంటి తేజస్సు బయలువెడలి వస్తువును తాకుననిన నైయాయికుల మతమును నేటి శాస్త్రము నేత్రవిషయమున అంగీకరింపదు. కాని విక్రమ్ నుండి దిగిన 26 కిలోల ప్రజ్ఞాన్ బండి ఆ మైదానమున అచ్చముగా నట్లే చేసినది. అది తన లేజరు కిరణమును మట్టిపై ప్రసరింపజేయగా, మట్టి ఆవిరియై వెలుగగా, ఆ వెలుగులోని రేఖలను బట్టి అచట గంధకమున్నదని బెంగుళూరులోని శాస్త్రజ్ఞులు నిశ్చయించిరి. విక్రమ్ నేలలో గ్రుచ్చిన శలాక, పైపొరలో 50 డిగ్రీలు దాటిన వేడిమిని, 8 సెంటీమీటర్ల లోతున సున్నకు దిగువ 10 డిగ్రీల చలిని తెలిపెను. స్పర్శయు జరిగినది, తేజస్సంబంధమును జరిగినది. అయితే జ్ఞానము ఆత్మగుణమైనప్పుడు, ఆత్మలేని ఆ బండికి తెలిసినదేమి? ఏమియు లేదు. రేఖలను చూచి గంధకము నూహించిన శాస్త్రజ్ఞులది పొగను జూచి నిప్పు నెరిగిన వాని అనుమానము. వారి మాట విన్న మనది కేవల శబ్దప్రమాణము.

శబ్దమన్నంతనే దానిని తక్కువచేయుట తగదు. ఉన్నదున్నట్లు చెప్పువాడే ఆప్తుడు, ఆతని వాక్యమే ప్రమాణము. 2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున, సుమారు 2 కిలోమీటర్ల యెత్తువరకు సక్రమముగా దిగిన, ఇదే పేరుగల మునుపటి నౌకయగు విక్రమ్‌తో సంబంధము తెగినదని అప్పటికప్పుడే ప్రకటించినవారు, 2023 సెప్టెంబరు 22న నిద్రించిన యంత్రములను మేల్కొల్పబోయి జవాబు రాలేదని దాచక చెప్పినవారు, గంధకమున్నదని చెప్పినప్పుడు నమ్మదగినవారు. విజయమును మాత్రమే చెప్పు నోటికి ఆప్తత్వము సిద్ధింపదు.

ప్రయోగమునకు ముందు నౌక నమూనాను తిరుమల శ్రీనివాసుని సన్నిధికి గొనిపోవుటను, సూళ్ళూరుపేట చెంగాళమ్మను దర్శించుటను కొందరాక్షేపింతురు. ప్రార్థన ప్రమాణమని చెప్పుకొనదు గనుక అందు విరోధమేమియు నాకు గానరాదు. కాని 2024 మార్చి 19న అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య ఆమోదించిన శివశక్తి యను పేరును బట్టి ఆ మైదానమును పుణ్యక్షేత్రమనుట మాత్రము నేనొప్పను. కొలిచెడి మనుష్యుడు అడుగిడని చోటు క్షేత్రమెట్లగును?

నేడు తర్కసంగ్రహము పాఠము చెప్పు గురువులు ప్రత్యక్షఖండము ముగియగానే ప్రజ్ఞాన్ వృత్తాంతమును శిష్యుల ముందుంచి, ఇది యే ప్రమాణమని వారిచేతనే తేల్పింపవలెనని నా విన్నపము.