గైడ్‌లైన్ దాటిన పేరు

గోదావరిఖనిలో నెలాఖరు వచ్చిందంటే సింగరేణి పదవీ విరమణ సన్మానాల ఫ్లెక్సీలు లేస్తాయి. పైన కార్మికుడి పేరు పెద్దగా, కింద హోదా, గని, శుభాకాంక్షలు చిన్నగా. డిజైన్ సాఫ్ట్‌వేర్ కోరల్‌డ్రాలో వరుసలన్నీ ఒకే గైడ్‌లైన్‌కు ఆనించినా పేరు మాత్రం కాస్త లోపలికి జరిగినట్టు కనిపిస్తుంది. ఫాంటు చేసినవాళ్లు ప్రతి అక్షరం పక్కనా కొంత ఖాళీ వదులుతారు. అక్షరం పెరిగితే అదీ పెరుగుతుంది. 12 పాయింట్ల అక్షరానికి 0.6 పాయింటు ఖాళీ ఉందనుకుంటే, 240 పాయింట్లకు అది 12 పాయింట్లు. పైగా ర, ల లాంటి వాటికి నిలువు గీతే లేదు, ఒంపు అంచును ఒక్కచోటే తాకుతుంది. అందుకే చెయ్యి తిరిగిన డిజైనర్ పేరును గైడ్‌లైన్ దాటించి బయటికి నెడతాడు. కొలతకు తప్పు, కంటికి ఒప్పు. మరి నిజం ఏది?

గోదావరిఖని ఉన్న పెద్దపల్లి జిల్లాలోనే, ధూళికట్టలో శాతవాహనుల నాటి బౌద్ధ స్తూపం ఉంది. ఆ బౌద్ధంలోనే నాగార్జునుడు మూలమధ్యమకకారికలో లోకం వాడుకలో ఒప్పుకునే వ్యవహార సత్యం, అంతిమమైన పరమార్థ సత్యం అని రెండు చెప్పాడు. కొలత పరమార్థం, చూపు వ్యవహారం అని పంచేయడం తేలికే కానీ, నాకు సమ్మతం కాదు. సాఫ్ట్‌వేర్ అంచుకు ఆనించింది అక్షరాన్ని కాదు, దాని చుట్టూ ఉన్న కనపడని పెట్టెను. ఆ పెట్టె కూడా మనుషుల ఏర్పాటే, అంటే వ్యవహారమే. డిజైనర్ కొలతను కాదనలేదు, పెట్టెకు బదులు సిరాను కొలిచాడు.

కంటిని నమ్మమని గోదావరిఖనిలో చెప్పడం సాహసమే. 2003 జూన్‌లో ఇక్కడి 7ఎల్‌ఈపీ బొగ్గు గనిలోకి నీళ్లొచ్చి 17 మంది చనిపోయారు. నీరు నిలిచిన పాత తవ్వకాలకు 60 మీటర్ల లోపు ముందస్తు అనుమతి లేకుండా తవ్వకూడదు. అక్కడ ‘చూస్తే బాగానే ఉంది’ అనే మాట చెల్లదు. నిజమే. కానీ గని ప్లాను గీసేది కంటికి అందని నీటి కోసం, ఫ్లెక్సీ కట్టేది చూసేవాళ్ల కోసం. అలాగైతే ప్రతి మోసగాడూ ‘కంటికి సరిపోయింది’ అంటాడు కదా అనొచ్చు. అనలేడు. ఎంత నెట్టాలో అక్షరం వెంట ఉన్న ఖాళీయే చెబుతుంది, నెట్టేవాడి ఇష్టం కాదు. రెండంచులూ నిండాలని పేరును అడ్డంగా సాగదీసినప్పుడు మాత్రం లెక్క ఫ్లెక్సీ చట్రం చేతికి పోతుంది: గీతల నిలువు భాగాలు లావెక్కుతాయి, వత్తులు చదునవుతాయి. టైప్‌సెట్టింగ్ సాఫ్ట్‌వేర్ పీడీఎఫ్‌టెక్‌లో దాని రూపకర్త హాన్ థే థాన్ అక్షరాల్ని సాగదీసే వీలు కల్పించాడు, అయితే మామూలుగా 2 శాతం దగ్గరే ఆపుతారు. మన ఫ్లెక్సీల్లో ఆ సంయమనం కనబడదు. మూడక్షరాల పేరుకు కుడి పక్క చోటు మిగిలితే సాగదీసే బదులు అక్కడ ఆ కార్మికుడి ఫొటో పెట్టొచ్చు.