పొయ్యి దగ్గర మనసు



అరకు కొండల్లో తల్లికి తెల్లవారడమంటే గెడ్డ నుండి నీళ్లు మోసుకురావడం, కట్టెలు ఎగదోసి చోడి అంబలి కాచడం. చెయ్యి గరిటె మీద, చెవి ఉయ్యాలలో బిడ్డ మీద, మనసేమో సంతలో తీర్చవలసిన అప్పు మీద. అంబలి అడుగంటుతుంది. అంతమాత్రాన ఆమెను అశ్రద్ధగల మనిషి అనగలమా?

లూకా సువార్త పదవ అధ్యాయంలో క్రీస్తునాథుడు మార్తమ్మను పని చేసినందుకు మందలించలేదు. అనేక విషయాలను గూర్చి కలత చెందినందుకే మందలించారు. శ్రద్ధ వేరు, ఆందోళన వేరు.

ఈ భేదాన్ని పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ గారు 1609లో వెలువడిన తమ భక్తి గ్రంథంలో గృహస్థులకు చక్కగా విప్పి చెప్పారు. (ఆయన పేరిట వెలసిన సభ గురువులే 1846లో విశాఖపట్నం వచ్చారు, ఆయన మనకు పరాయివారు కారు.) పసివాడు ఒక చేత్తో తండ్రిని పట్టుకొని, రెండో చేత్తో కంచె వెంబడి పండ్లు కోసుకుంటాడు. ఆశపడి రెండు చేతులా కోయబోతే పడతాడు. మనసు జారిపోతే దాన్ని తిట్టవద్దనీ, మెల్లగా వెనక్కి తెచ్చుకోమనీ ఆయన సలహా.

కనుక చోళ్లు చెరిగేటప్పుడు జపమాల సాగనివ్వండి. మరిగే కుండ దించేటప్పుడు మాత్రం కళ్లు కుండ మీదే ఉండాలి, అదీ భక్తే. దించాక ఒక్కసారి తండ్రి వైపు తలెత్తితే చాలు.

అన్నట్టు, అయ్యలారా, ఆమె కుండ దించే వేళ ఉయ్యాల ఊపే చెయ్యి మీదైతే ఆమె మనసుకు ఒక బరువు తగ్గుతుంది. కట్టెలు మీరు తెస్తే ఇంకొకటి.