వ్యసనము – ఇంటిలోని ముల్లు

సప్తవ్యసనములను లెక్కించునపుడు మన పెద్దలు జూదమును మొదట నిలిపినారు. నేడు జూదమునకు పేకముక్కలు అక్కరలేదు. చేతిలోని ఫోను చాలును. డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించుచు 2025లో పార్లమెంటు చట్టము చేసినది. చట్టము దుకాణమును మూయించగలదు గాని, మనస్సులోని ఆరాటమును మాన్పగలదా?

వంశము, స్వభావము, సావాసము, అన్నియు కారణములే. అయినను ఇంటి పాత్ర చిన్నది కాదు. వ్యాపారకుటుంబములలో తరచు కుమారుని విలువ అతడు తెచ్చు లాభముతో కొలువబడును. నష్టమును తండ్రితో చెప్పలేనివాడు దానిని మరియొక పందెముతో పూడ్చగోరును. తల్లి నగలు కుదువబెట్టి రహస్యముగా అప్పు తీర్చును. సంబంధములు చెడునని ఇంటిల్లిపాదియు దాచుదురు. ఇది ప్రేమయే, కాని వ్యసనమునకు పెట్టుబడి యగుచున్నది.

వ్రతము పూనినవాడు శల్యరహితుడై యుండవలెనని ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున చెప్పినారు. మూడు శల్యములలో మాయ, అనగా కపటము, ఒకటి. బిడ్డచే ఒట్టు వేయించి, ముల్లును ఇంటిలోనే దాచినచో ఆ వ్రతమెట్లు నిలుచును?

దోషమును బజారున చాటనక్కరలేదు. గురువు ఎదుట ఆలోచన చేసినట్లు తగినవారి ఎదుట చెప్పిన చాలును. మన బెంగళూరులోని నిమ్హాన్స్ 2014లో ఫోను, ఇంటర్నెట్టు వ్యసనములకు ప్రత్యేక చికిత్సాలయమును ప్రారంభించినది. ఇట్టి చికిత్సలో రోగితోపాటు కుటుంబమును కూర్చుండబెట్టి మాటాడుట ముఖ్యము.

సంవత్సరి నాడు అందరిని క్షమాపణ వేడుకొను మనము, నష్టమును నిర్భయముగా చెప్పుకొను చనువును మన బిడ్డలకు ఇచ్చితిమా?