లోపలికి చూసే కిటికీ

నరసన్నపేట పరిసరాల్లో పొలాలవైపు కిటికీ తెరిస్తే వరిమడులు, గట్ల మీద తాటిచెట్లు కనిపిస్తాయి. ఈ దృశ్యాన్ని చౌకట్టుతో సహా చిత్రించబోయే వారి వెంట, వారికి తెలియకుండానే, ఇటలీ పండితుడు ఆల్బెర్టీ వస్తాడు. చిత్రఫలకాన్ని తెరిచిన కిటికీగా భావించాలని ఆయన 1435లో రాశాడు. అంటే చూసేవాడు ఒకచోట నిలబడితే, దూరం పెరిగేకొద్దీ చిన్నదవుతూ లోకమే వచ్చి అతని కంటికి అమరుతుంది.

కలల తర్కాన్ని కళలోకి తెచ్చిన సర్రియలిజం ఉద్యమానికి చెందిన బెల్జియం చిత్రకారుడు రెనే మాగ్రిట్, 1933 నాటి ‘మానవ స్థితి’లో ఈ ధీమాను కదిలించాడు. అందులో కిటికీ ముందు నిలిపిన కాన్వాసు, తాను కప్పేసిన చెట్టునూ పచ్చికనూ తన మీదే చూపుతుంది; మేకులు కొట్టిన తెల్లని అంచు దాని ఉనికిని పట్టిస్తుంది. వెనక నిజంగా చెట్టుందా అన్నదానికి చిత్రంలో జవాబు లేదు. కలకైతే ఆ మేకుల అంచు కూడా ఉండదు.

అయితే మాగ్రిట్ కూడా కిటికీని వదులుకోలేదు. వంశధార నది దాటి సీతంపేట కొండలెక్కితే సవర గిరిజనుల సీమ మొదలవుతుంది. వారి సంప్రదాయపు ఇంటికి ద్వారమే గాని కిటికీ ఉండదు. ఎర్రమట్టి అలికిన ఆ చీకటి గోడ మీద బియ్యప్పిండితో వేసే బొమ్మను, గంజాం, కోరాపుట్ కొండల సవరల గురించి 1955లో గ్రంథం వెలువరించిన వెరియర్ ఎల్విన్ ‘ఇత్తాల్’ అని పేర్కొన్నాడు. దాని రూపం తరచుగా కలలో తెలుస్తుంది. చుట్టూ గీసిన చతురస్రం కిటికీ కాదు, ఇల్లు, ఆత్మనో దేవతనో వచ్చి ఉండమని పిలిచే ఇల్లు. దూరానికి తగ్గట్టు చిన్నదయ్యేది అందులో ఏదీ లేదు, ఎందుకంటే చూపు ఇక్కడినుంచి అక్కడికి పోవడం లేదు, అక్కడివారే ఇక్కడికి రావాలి. వచ్చేవారి అభిరుచి పాతకాలపుదే కావాలన్న నియమమూ లేదు: ఎల్విన్ చూసిన బొమ్మల్లో నెమళ్ల పక్కన రైళ్లు, విమానాలు కూడా ఉన్నాయి.

బొమ్మ పూర్తయ్యాక కుడాన్, అంటే ఆత్మలతో మాట్లాడే పూజారి, వాటిని పిలిచి చూపిస్తాడు. ఏదైనా తక్కువైందని అతని నోటి ద్వారా అవి చెబితే, చిత్రకారుడు మళ్లీ పిండి కలుపుకుంటాడు.