సొంత వస్తువు - పరాయి అధికారం

డబ్బిచ్చి కొన్న వస్తువు ఎవరిది? ఇరవై యేళ్ల కిందట ఈ ప్రశ్న వేసినవాణ్ణి జనం పిచ్చివాడనుకుని ఉందురు. కుర్చీ కొన్నవాడు దాని కాళ్లు కోసుకోవచ్చు. గడియారం కొన్నవాడు దాన్ని పది నిమిషాలు ముందుకు తిప్పి పెట్టుకోవచ్చు. అమ్మినవాడికి ఆ తరవాత వాటితో పనిలేదు. వాడు రాత్రివేళ మన యింట్లోకి వచ్చి, మీ మేలుకోసమేనంటూ కుర్చీ కాలు మార్చిపోతే మనం ఊరుకోం. కొత్తకాలు పాతదానికన్నా గట్టిదైనా సరే, ఊరుకోం. ఎందుకు ఊరుకోమన్నదే నేనిక్కడ ఆలోచించదలచిన విషయం. ఎందుకంటే మన జేబులో ఉండే ఫోను విషయంలో సరిగ్గా ఆ పనే జరుగుతున్నది, మనం ఊరుకుంటున్నాం.

ఈ అలవాటు ఎట్లా పుట్టిందో చూడాలి. ఆపిల్ కంపెనీ తయారుచేసిన ఐఫోను 2007 జూన్ 29న అమెరికాలో అమ్మకానికి వచ్చింది. ఖరీదు 499 డాలర్లు, పెద్దరకం 599 డాలర్లు. నిజానికది జేబులో పట్టే కంప్యూటరు. అయితే మామూలు కంప్యూటరుకూ దానికీ ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. కంప్యూటరు కొన్నవాడు ఎవరు రాసిన ప్రోగ్రామునైనా అందులో పెట్టుకోవచ్చు. చేతనైతే తనే రాసుకోవచ్చు. ఐఫోనులో అందుకు వీలు లేకుండా చేశారు. బయటివాళ్లు ఏం రాసినా బ్రౌజరులో తెరుచుకునే పేజీగా రాయవలసిందే. అమెరికాలో ఫోను పనిచేసేది కూడా ఒకే ఒక టెలిఫోను కంపెనీ లైనుమీద.

తాళం కనిపిస్తే తీసి చూడాలనుకోవటం మనిషి స్వభావం. కొద్ది నెలల్లోనే కొందరు ఆ తాళాలు తీశారు. సొంత ప్రోగ్రాములు పెట్టుకున్నారు. ఇతర కంపెనీల లైన్లమీద మాట్లాడారు. సెప్టెంబరు చివర ఆపిల్ 1.1.1 అనే అప్‌డేట్ పంపింది. దానితో తాళం తీసిన ఫోనులు అనేకం ఇటుకరాళ్లతో సమానమైనాయి. బయటి ప్రోగ్రాములు పెట్టుకున్న ఫోనుల్లోంచి అవి మాయమైనాయి. ఇట్లా జరుగుతుందని కంపెనీ కొద్దిరోజుల ముందే హెచ్చరించింది. కాని హెచ్చరించినంత మాత్రాన హక్కు పుట్టదు.

తరవాత కంపెనీ కొంత మెత్తబడింది. 2008 జూలై 10న సుమారు 500 యాప్‌లతో యాప్ స్టోర్ తెరిచింది. అమ్మిన యాప్ ధరలో నూటికి 30 వంతులు కంపెనీవి, మిగిలినది రాసినవాడిది. ఏ యాప్ ఉండవచ్చునో, ఏది ఉండగూడదో నిర్ణయించే పని కూడా కంపెనీదే. ఫోనుల్లో ఇదివరకే చేరిన యాప్‌ను సైతం దూరంనుంచి తీసివేసే మీట తమవద్ద ఉన్నదని కంపెనీ అధిపతి స్టీవ్ జాబ్స్ ఆ ఆగస్టులో ఒప్పుకున్నాడు. అటువంటి మీట లేకపోవటమే బాధ్యతారాహిత్యమన్నాడు. గూగుల్ తన ఆండ్రాయిడ్ తలుపును అంత గట్టిగా బిగించలేదు గాని మీట దానివద్దా ఉన్నది. 2010 జూన్‌లో రెండు యాప్‌లమీద దాన్ని ప్రయోగించింది కూడా.

మీట అంటూ ఉన్నాక అది దుర్మార్గులమీదనే పడుతుందన్న హామీ లేదు. 2009 జూలైలో అమెజాన్ కంపెనీ, తన కిండిల్ పరికరాల్లో పాఠకులు కొనుక్కున్న ఆర్వెల్ పుస్తకాలు రెంటిని, "1984"నూ "యానిమల్ ఫారం"నూ, వాళ్లకు చెప్పకుండా తుడిచేసింది. ఆ ప్రతులు అమ్మినవాడికి హక్కులు లేవన్నది కారణం. డబ్బు వాపసు ఇచ్చింది. కంపెనీ అధిపతి తరవాత క్షమాపణ కూడా చెప్పుకున్నాడు. ఆర్వెల్ రాజకీయాలు మనలో చాలామందికి నచ్చకపోవచ్చు. ఇక్కడ ప్రశ్న అది కాదు. హక్కులేని పుస్తకం అమ్మిన షాపువాడు, ఆ సంగతి తెలిశాక, మన అలమర తెరిచి పుస్తకం పట్టుకుపోయి, బల్లమీద డబ్బు పెట్టిపోడు.

ఈ అధికారం ఎట్లా నడుస్తున్నదో తెలుసుకోవటం కష్టం కాదు. ఫోను తనలోకి వచ్చే ప్రోగ్రాముమీద కంపెనీ ముద్ర ఉన్నదా లేదా అని చూస్తుంది. ముద్ర లేకపోతే లోపలికి రానివ్వదు. ఆ ముద్రవేసే రహస్యసంఖ్య కంపెనీ దగ్గరే ఉంటుంది. ఐఫోనుకు కొత్త అప్‌డేట్ వచ్చిన కొన్నాళ్లకు పాతదానికి ముద్ర వెయ్యటం మానేస్తారు. అంటే ముందుకు పోవటమేగాని వెనక్కి రావటం లేదు. మనం వస్తువు కొన్నాం, తాళంచెవి వాళ్ల దగ్గరే ఉండిపోయింది.

అప్‌డేట్‌లవల్ల మేలు జరగటం లేదా అని అడిగేవాళ్లున్నారు. జరుగుతున్నది. తెలుగువాళ్లకు సంబంధించిన ఉదాహరణే ఉన్నది. 2018 ఫిబ్రవరిలో మన "జ్ఞా" అక్షరాన్ని ఒక ప్రత్యేకవిధంగా కూర్చి పంపితే, అందుకున్న ఐఫోనులో యాప్‌లు కూలిపోతున్నాయని బయటపడింది. అదే నెల 19న ఆపిల్ అప్‌డేట్ పంపి లోపం సరిచేసింది. ఫోనుల్లో దొంగలు దూరే కంతలెన్నో అప్‌డేట్‌లతోనే పూడుతున్నాయి. ఇది కాదనటం మూర్ఖత్వం.

అయితే చేసిన పని మంచిదా చెడ్డదా అన్నది ఒక ప్రశ్న. చేసే హక్కు ఎవరిదన్నది మరొక ప్రశ్న. మొదటిదానికి జవాబు చెప్పి రెండోదాన్ని దాటవెయ్యటం అధికారంలో ఉన్నవాళ్లందరికీ పాత అలవాటే. దొర మంచివాడైతే వెట్టి వెట్టి కాకుండా పోతుందా? ఫోను వాడేవాడి బాధను వెట్టివాడి బాధతో పోల్చటం నా ఉద్దేశం కాదు. కాని దయను చూపించి హక్కును అడగనివ్వని వాదన రెండుచోట్లా ఒకటే.

2017 డిసెంబరులో జరిగినది చూడండి. బ్యాటరీ పాతబడిన ఐఫోనులు హఠాత్తుగా ఆగిపోకుండా, ఒక అప్‌డేట్‌ద్వారా వాటి వేగం తగ్గించామని ఆపిల్ ఒప్పుకున్నది. కారణం అబద్ధం కాకపోవచ్చు. కాని ఫోను నెమ్మదించినవాడికి ఆ కారణం తెలియదు. బ్యాటరీ మారిస్తే సరిపోతుందని తెలియక కొత్త ఫోను కొన్నవాళ్లున్నారు. గొడవ అయినాక బ్యాటరీ మార్చే ధర 79 డాలర్లనుంచి 29కి దిగింది. 2018 మార్చిలో, వేగం తగ్గింపు వద్దనుకునేవాళ్లు దాన్ని ఆపుకునే ఏర్పాటు కూడా వచ్చింది. వాడేవాళ్లకు చెప్పనందుకు ఫ్రాన్సు ప్రభుత్వశాఖ 2020లో రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేసింది. ఇందులో గమనించవలసినదేమంటే, వద్దనే అవకాశం ఇవ్వటం మొదటినుంచీ సాధ్యమే. మనల్ని అడగాలని వాళ్లకు తోచలేదు, అంతే.

ఒక విద్యార్థి నాతో వాదించాడు: "మాస్టారూ, ఆస్తి హక్కు వద్దనే మనం ఈ ఫోను ఆస్తికోసం పోట్లాడటమేమిటండీ?" ప్రశ్న మంచిదే. కాని మార్క్సు, ఎంగెల్సులు 1848నాటి ప్రణాళికలోనే మనిషి వాడుకునే సొంత వస్తువుకూ, ఇతరుల శ్రమమీద పెత్తనం చేసే ఆస్తికీ తేడా చూపించారు. ఇక్కడ రెండోరకం ఆస్తి మొదటిదాన్ని మింగుతున్నది. హైదరాబాదు వీధుల్లో మోటారుసైకిలుమీద భోజనం పొట్లాలు చేరవేసే కుర్రవాణ్ణి చూడండి. ఫోను అతని కష్టార్జితం, అతని పనిముట్టు. యాప్ కొత్తరూపం దించుకోకపోతే అతనికి పని దొరకదు. ఆ కొత్తరూపంలో కూలి లెక్క మారినా అతను పాతదానికి పోలేడు. ఫోను పాతబడి కొత్త యాప్‌ను మొయ్యలేకపోతే మరొకటి అప్పుచేసి కొనాలి. పనిముట్టు ఖర్చు కార్మికుడిది, దానిమీద పెత్తనం యజమానిది! పూర్వపు మిల్లుయజమాని మగ్గమైనా తన డబ్బుతో కొనుక్కునేవాడు.

ప్రతివాడూ అప్‌డేట్ నిరాకరిస్తే రోగం తగిలిన ఫోనులు ఇతరులకు చేటుతెస్తాయి గదా అనవచ్చు. నిజమే. అంటువ్యాధి వచ్చినప్పుడు సమాజం వ్యక్తిని నిర్బంధించే సందర్భాలున్నాయి. కాని ఆ నిర్బంధం చట్టంప్రకారం, కారణం చెప్పి, అడిగితే జవాబు చెప్పవలసిన అధికారి చెయ్యాలి. టీకా అమ్మే కంపెనీ చెయ్యకూడదు.

మరో మార్గం లేకపోలేదు. ఐఫోను అమ్మకానికి వచ్చిన 2007 జూన్ 29నే, రిచర్డ్ స్టాల్‌మన్ నడిపిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం తన సాధారణ ప్రజా లైసెన్సు మూడో పాఠాన్ని ప్రకటించింది. ఆ లైసెన్సుకింద ఉన్న ప్రోగ్రాముతో ఇంటివాడకపు పరికరం అమ్మేవాడు, దాన్ని మార్చి మళ్లీ పెట్టుకోవటానికి కావలసిన తాళంచెవి కూడా కొన్నవాడికి ఇవ్వాలన్నది అందులో ఒక షరతు. ఇక చట్టం తలుచుకుంటే ఏమవుతుందో ఐరోపా యూనియన్ చూపించింది: 2024 మార్చినుంచి అక్కడి ఐఫోనుల్లో ఇతర స్టోర్లకు ఆపిల్ చోటివ్వక తప్పలేదు.

కనక మనం అడగవలసినవి గొంతెమ్మ కోరికలు కావు. అప్‌డేట్ ఏం మారుస్తుందో మనకు తెలిసే మాటల్లో చెప్పాలి. వద్దనే హక్కుండాలి. నచ్చకపోతే వెనక్కి వెళ్లే దారి ఉండాలి. ఒక ఫోనును కంపెనీ వదిలేసినరోజున దాని తాళంచెవి కొన్నవాడికి అప్పగించాలి. వీటిలో ఏదీ ఇంజనీర్లకు అసాధ్యం కాదు. అడిగేవాళ్లు లేకపోబట్టే ఇవి లేవు. కళాశాలల్లో ఫోను ఎట్లా వాడాలో పిల్లలకు మనం నేర్పనక్కర్లేదు, వాళ్లే మనకు నేర్పగలరు. అది ఎవరి మాట వింటున్నదో అడగటం మాత్రం నేర్పవలసిందే.